మష్వరాకు కూర్చున్నప్పుడు

రామగిరి వైపు ఒక పల్లె మస్జిదులో కమిటీ సమావేశం ఉంది, మీరూ రండి అంటే వెళ్ళాను. ఇషా నమాజు తర్వాత పదిహేను మందిమి కూర్చున్నాం. తేలవలసినవి రెండు విషయాలు. కొత్త తివాచీ ఏ రంగుది కొనాలి? మస్జిదుకు చెందిన మూడు గదుల బాడుగ గడువు తీరింది, వాటిని ఎవరికి, ఎంతకు ఇవ్వాలి?

తివాచీ మీదనే గంటన్నర గడిచింది. పచ్చదని ఒకరు, ఎర్రదని ఒకరు, పచ్చదైతే దుమ్ము కనబడుతుందని మరొకరు. చాయ్ కూడా రెండుసార్లు వచ్చింది. తెల్లవారి మగ్గం మీద కూర్చోవలసినవారు, ఆటో తోలేవారు ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. గదుల మాట వచ్చేసరికి ఆరుగురం మిగిలాం. ఐదు నిమిషాల్లో 'పాతవాళ్ళకే, పాత బాడుగకే' అని ముగించారు.

తర్వాతి జుమా నాడు గొడవ మొదలైంది. "ఎవరు ఒప్పుకున్నారు?" "నువ్వే కదా భాయ్ తలూపావు!" "నేను తలూపింది తివాచీకి!" రాసిన కాగితం ఒక్కటీ లేదు. పిల్లలకు ఖుర్ఆన్ నేర్పే హాఫిజ్ సాబ్ జీతం ఆ బాడుగల నుంచే రావాలి. ఆ నెల ఆయనకు సగమే అందింది. పక్కపక్క ఇళ్ళవాళ్ళు ఇద్దరు సలాం చెప్పుకోవడం మానేశారు.

ఇది మన పల్లెల జబ్బే అనుకోవద్దు. పార్కిన్సన్ అనే ఆంగ్ల రచయిత 1957లో ఇటువంటి ఒక కమిటీని ఊహించి రాశాడు. ఆ కమిటీ కోటి పౌండ్ల అణు రియాక్టరును నిమిషాల్లో ఒప్పుకుని, సైకిళ్ళు పెట్టే షెడ్డు మీద ముప్పావు గంట వాదిస్తుంది. రియాక్టరు ఎవరికీ అర్థం కాదు, షెడ్డు అందరికీ తెలుసు. మన తివాచీ కూడా అంతే. కాబట్టి సభ నడిపేవారు మొదట చేయవలసిన పని బరువైన విషయాన్ని ముందు పెట్టడం. రంగుల సంగతి చివర చూసుకోవచ్చు, సమయం మిగలకపోతే నష్టం కూడా లేదు.

మష్వరా మనకు కొత్త కాదు. దివ్య ఖుర్ఆన్‌లో ఒక సూరా పేరే 'షూరా'. హి.శ. 2లో, బద్ర్ యుద్ధానికి ముందు మహాప్రవక్త (స) సహచరులను సలహా అడిగారు. హజ్రత్ అబూబకర్ (ర), హజ్రత్ ఉమర్ (ర), హజ్రత్ మిఖ్దాద్ (ర) మాట్లాడారు. ముగ్గురూ ముహాజిర్లే. ఆయన మళ్ళీ అడిగారు. మదీనా వెలుపల పోరాడతామని అన్సార్లు ఇంకా మాట ఇచ్చి ఉండలేదు; వారి నోటి నుంచి రావాలి. అది గ్రహించి హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (ర) లేచి మాట్లాడిన తర్వాతే ముందడుగు పడింది. ఎవరి భుజం మీద భారం పడుతుందో వారు మాట్లాడేదాకా అధ్యక్షుడు ఆగాలి. ఆ రాత్రి హాఫిజ్ సాబ్ గోడకు ఆనుకుని కూర్చునే ఉన్నారు. ఆయనను ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

మరుసటి ఏడు ఉహుద్. మదీనాలోనే ఉండి ఎదుర్కోవాలన్నది మహాప్రవక్త (స) అభిప్రాయం. బద్ర్‌లో పాల్గొనలేకపోయిన యువకులు బయటికి వెళ్దామన్నారు. ఆయన వారి మాట మన్నించి కవచం ధరించారు. వారు పశ్చాత్తాపపడి మీ ఇష్టప్రకారమే చేద్దామన్నా, నిశ్చయమైన దానిని ఆయన తిరగదోడలేదు. యుద్ధంలో ముస్లిములకు ఎంత నష్టం జరిగిందో మనకు తెలుసు. అయినా ఆ తర్వాత అవతరించిన ఆలి ఇమ్రాన్ సూరా వాక్యాల్లో వారితో మృదువుగా ఉండమని, వారిని క్షమించి సలహా తీసుకుంటూనే ఉండమని ఆదేశం వచ్చింది. సలహా ఒకసారి బెడిసిందని సలహా అడగడమే మానేసే పెద్దలు ఈ సంగతి మీద ఆలోచించాలి.

వ్యాపారంలోనూ ఇదే వరుస. ధర్మవరంలో అన్నదమ్ములు కలిసి చీరల వ్యాపారం చేసే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. వారి సమావేశమంతా దస్తర్‌ఖాన్ మీదనే, అన్నం తింటూ. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకుంటే, రోజువారీ వ్యవహారాల్లో భేదం వస్తే ఎక్కువమంది మాట చెల్లుతుంది. కానీ తీర్మానానికి ముందు ప్రతి భాగస్వామికీ తన అభిప్రాయం చెప్పుకునే హక్కుంది. వ్యాపారం స్వరూపమే మార్చాలంటే మాత్రం అందరూ ఒప్పుకోవాలి. పెద్దన్న ఒక్కడే నిర్ణయించి తమ్ముళ్ళకు కబురు పంపితే అది మష్వరా ఎలా అవుతుంది? ఇక 2013 నాటి కంపెనీల చట్టంలో, సర్వసభ్య సమావేశానికి అనుకున్న వేళ దాటి అరగంటలో చాలినంతమంది రాకుంటే సాధారణంగా సభ వచ్చే వారం అదే రోజుకు వాయిదా పడుతుంది. మన కమిటీలకు ఆ చట్టం వర్తించదు. అయినా ఆరుగురం మిగిలినప్పుడు గదుల సంగతి వచ్చే వారం చూద్దామని ఒక్కరు అని ఉంటే ఎంత బాగుండేది!

రాత విషయం కొంచెం నొప్పిగానే చెప్పాలి. ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన వాక్యం బఖరా సూరాలోని అప్పు పత్రం రాసుకొమ్మనే వాక్యం. అయినా మనకు నోటి మాటే చాలు. కొన్ని కమిటీల్లో పుస్తకం ఉంటుంది, ఉర్దూలో. నాకు ఉర్దూ ప్రాణం, చదువు అందులోనే అబ్బింది. కానీ మన కుర్రవాళ్ళలో ఎంతమంది ఆ లిపి చదవగలరు? చదవలేని దాని మీద సంతకం పెట్టించడం న్యాయం కాదు. తీర్మానాలు తెలుగులో రాయండి, లేచేముందు పైకి చదివి వినిపించండి.

మన ఇళ్ళలోని ఆడవాళ్ళు ఈ పని ఎప్పటినుంచో చేస్తున్నారు. డ్వాక్రా సంఘంలో సమావేశం నియమంగా జరగాలి, లెక్క పుస్తకం ఉండాలి, అప్పు ఎవరికన్నది అందరి ముందూ తేలాలి. హుదైబియాలో ఒప్పందం తర్వాత సహచరులు దిగులుతో కదలకుండా ఉంటే, మహాప్రవక్త (స) తమ సతీమణి ఉమ్మె సలమా (ర) సలహా పాటించారు. ఆ చిక్కు విడిపోయింది. ఇంట్లో అడిగి నేర్చుకోవడానికి మనకు నామోషీ ఎందుకో!

ఆ పల్లెలో రెండు నెలల తర్వాత మళ్ళీ కూర్చున్నారు. ఈసారి గదుల సంగతి ముందు. హాఫిజ్ సాబ్‌ను ముందుగా మాట్లాడమన్నారు. బాడుగ పెంచి, ఎవరికిచ్చిందీ తెలుగులో రాసి, చదివి, పదకొండు మంది సంతకాలు చేశారు. వారిలో ఆ ఇరుగుపొరుగు ఇద్దరూ ఉన్నారు, ఒకే కలంతో. తివాచీ రంగు మాత్రం ఇంకా తేలలేదు.