యెహెజ్కేలు నది, శంకరగుప్తం డ్రెయిన్

కోనసీమలోని రాజోలు దీవిలో కేశనపల్లి వైపు వెళ్తే తలలు రాలి మోళ్లయిన కొబ్బరి చెట్లు కనిపిస్తాయి. పోటు వేళ సముద్రపు నీరు శంకరగుప్తం డ్రెయిన్‌లోకి ఎదురెక్కి తోటల్లో నిలిచిపోయింది. వేళ్లకు ఉప్పు తగిలాక చెట్టు ఎన్నాళ్లు బతుకుతుంది?

ఇలాంటి ఊళ్లలో బైబిలు ప్రవచన వాక్యమంటే జనం చెవి కోసుకుంటారు. తుపానొచ్చినా, మహమ్మారి వచ్చినా క్రీస్తు రెండో రాకడ గుర్తులేనంటారు. ప్రకటన గ్రంథంలోని 666 అంటే ఆధార్ కార్డా, టీకానా అని గుసగుసలు. దీని వెనక ఓ చరిత్ర ఉంది. 1836లో వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ నరసాపురం కేంద్రంగా సువార్త చెప్పారు. ధవళేశ్వరం ఆనకట్ట కూలీల మధ్యా తిరిగారు. వాళ్లది బ్రదరెన్ అనే క్రైస్తవ బాట. ప్రవచనాలను యుగాల వారీగా పంచే పద్ధతికి రూపమిచ్చిన జాన్ నెల్సన్ డార్బీదీ అదే బాట.

అయితే చాలా గుర్తులకు అర్థం బైబిల్లోనే ఉంటుంది. దానియేలు చూసిన పొట్టేలు మాదీయ పారసీక రాజులని, మేకపోతు గ్రీకు రాజని దూతే చెప్పేశాడు. ప్రకటనలోని ఏడు దీపస్తంభాలు ఏడు సంఘాలు. 666ను నీరో చక్రవర్తి పేరుకు హెబ్రీ అక్షరాల లెక్కగా చాలామంది పండితులు చదువుతారు. కొన్ని పాత ప్రతుల్లో అది 616. ప్రకటనను మొదట విన్నవాళ్లు రోమా ఏలుబడిలో నలుగుతున్నవాళ్లు. మన ఆధార్ కార్డుతో వాళ్లకేం పని?

నా మటుకు కోనసీమకు దగ్గరి అధ్యాయం యెహెజ్కేలు 47. యెహెజ్కేలు ప్రవక్త బబులోను చెరలో, కెబారు ఒడ్డున బతికినవాడు. నది అని మనం చదివే ఆ కెబారు నిప్పూరు దగ్గరి సాగు కాలువేనని చరిత్రకారులు అంటారు. క్రీ.పూ. 573 ప్రాంతం; యెరూషలేములో మందిరం కూలి పద్నాలుగేళ్లు. లేని ఆ మందిరం గడప కింది నుంచి నీళ్లు ఊరడం ఆయన దర్శనంలో చూశాడు. వెయ్యేసి మూరలకు చీలమండ లోతు, మోకాలి లోతు, మొల లోతు, ఆపైన ఈదాల్సిందే. ఆ నీరు మృతసముద్రంలో పడితే చేపలు పుట్టాయి, జాలర్లు వలలు ఆరేశారు. సర్వం పోగొట్టుకున్నవాళ్లకు చెప్పిన మాట అది, ఏ సంవత్సరం ఏం జరుగుతుందో తేల్చే పంచాంగం కాదు.

పదకొండో వచనాన్ని మాత్రం ప్రసంగాల్లో తరచూ దాటేస్తారు. బురద నేలలూ మడుగులూ బాగుపడవు, ఉప్పుకే మిగులుతాయి. అది శిక్షని కొందరు. మందిరపు బలులకు ఉప్పు కావాలి గనుక దయతో మిగిల్చాడని మరికొందరు. కేశనపల్లి రైతు ముందు నిలబడి రెండో అర్థం చెప్పడానికి నాకైతే నోరు రాదు. మొదటిదీ అంతే, ఆ రైతు చేసిన పాపమేమిటి? పూడిక తీయని డ్రెయిన్‌ను దేవుడి ఖాతాలో రాయలేం. ఆరాధన ముగిశాక మందిరం మెట్ల మీద డ్రెయిన్ అర్జీకి సంతకాలు పెట్టించే సంఘం ఉంటే, ఆ అధ్యాయాన్ని అది సరిగానే చదివిందంటాను.