సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ బైక్ కొనాలా, వద్దా? రెండు బండ్లు చూసి నేను వేసిన లెక్క ఇది

మామూలుగా నేను ఫోన్ల గురించి రాస్తుంటాను. ఈసారి మా ఇంట్లోనే వచ్చిన ఒక సమస్య గురించి రాస్తున్నా. మాది నాయుడుపేట. మా తమ్ముడికి మేనకూరు సెజ్‌లోని ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. షిఫ్ట్ డ్యూటీ, రానూపోనూ రోజుకు 30 కిలోమీటర్లు. ఇన్నాళ్లూ ఫ్రెండ్ బండి వెనక కూర్చుని వెళ్లేవాడు. ఆ అబ్బాయి షిఫ్ట్ మారింది. అమ్మకు చీటీ పాట డబ్బులు 60 వేలు చేతికొచ్చాయి. "అబ్బయా, ఈ డబ్బుల్లో వాడికి ఏదో ఒక బండి చూడు. మళ్లీ మళ్లీ ఖర్చు పెట్టించేది మాత్రం వద్దు" అంది.

ఆ 60 వేలకు కొత్త ఎలక్ట్రిక్ స్కూటర్లలో మంచిది రాదు. అందుకే సెకండ్ హ్యాండ్ వైపు చూశాను. ఒకటి గూడూరులో, ఒకటి శ్రీకాళహస్తిలో దొరికాయి. మొదటిది దాదాపు కొనేశాను. ఎందుకు ఆగానో చెబితే మీకూ పనికొస్తుంది.

ముందు పెట్రోల్ లెక్క

నెలకు 26 డ్యూటీలు అనుకుంటే 780 కిలోమీటర్లు. లీటరుకు 45 ఇచ్చే పెట్రోల్ స్కూటర్‌కు సుమారు 17 లీటర్లు పడుతుంది. లీటరు 110 రూపాయలు వేసుకుంటే నెలకు 1,900 దాటుతుంది. ఎలక్ట్రిక్ బండి కిలోమీటరుకు 30 వాట్ అవర్ తింటుందనుకుంటే, ఛార్జర్‌లో పోయే కరెంట్‌తో కలిపి నెలకు 27 యూనిట్లు. యూనిట్ 6 రూపాయలు వేసినా 160 రూపాయలే. అంటే నెలకు సుమారు 1,750 మిగులు, ఏడాదికి 21 వేలు.

ఈ లెక్క చూస్తే ఎవరికైనా వెంటనే కొనేయాలనిపిస్తుంది. కానీ ఇందులో ఒక పెద్ద ఐటమ్ కనపడదు. అదే బ్యాటరీ.

వాడిన ఫోన్ లాంటిదే, కాకపోతే బ్యాటరీ ఖరీదు వేరు

సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేటప్పుడు మనం ముందు చూసేది బ్యాటరీ హెల్త్. 80 శాతం ఉంటే "పర్లేదులే, వెయ్యి రెండు వేలు పెట్టి మార్చుకుందాం" అనుకుంటాం. ఎలక్ట్రిక్ బండిలో ఉండేది కూడా లిథియం బ్యాటరీయే, అరిగేదీ అలాగే. కానీ మార్చాలంటే వేలల్లో కాదు, బండి ధరలో సగం దాకా పోతుంది. నేను చూసిన మోడల్‌కు కొత్త బ్యాటరీ ఎంత అని సర్వీస్ సెంటర్‌లో అడిగితే 65 వేలు అన్నారు.

పెట్రోల్ బండిలో ఇంజిన్ పాతబడితే మైలేజ్ కొంచెం తగ్గుతుంది, ట్యాంక్ మాత్రం చిన్నదవదు. ఎలక్ట్రిక్ బండిలో ఏటా ట్యాంకే చిన్నదవుతుంది. తేడా అంతా ఇక్కడే.

ఇంకో విషయం. ఎక్కువ బండ్లలో ఉండే ఎన్ఎంసీ రకం బ్యాటరీకి వేడి పడదు. ఎల్ఎఫ్‌పీ రకం కొంచెం ఎక్కువ ఛార్జింగ్ సైకిళ్లు తట్టుకుంటుంది. మన దగ్గర మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండలో, ఫ్యాక్టరీ పార్కింగ్‌లో నీడ లేకుండా నిలబెట్టిన బండికీ, షెడ్డులో పెట్టిన బండికీ తిరిగిన కిలోమీటర్లు ఒకటే అయినా బ్యాటరీ హెల్త్ ఒకటి కాదు. అందుకే ఓడోమీటర్ ఒక్కటే చూసి నిర్ణయించొద్దు.

ఇప్పుడే మార్కెట్‌లోకి ఇన్ని బండ్లు ఎందుకు వస్తున్నాయి?

టీవీఎస్ ఐక్యూబ్, బజాజ్ చేతక్, ఏథర్ 450ఎక్స్ మూడూ 2020 జనవరిలో వచ్చాయి. ఓలా ఎస్1 2021 ఆగస్టు 15న వచ్చింది. ఆ తర్వాత రెండేళ్లలో జనం బాగా కొన్నారు. అప్పట్లో చాలా బండ్లకు బ్యాటరీ వారంటీ మూడేళ్లే. ఆ వారంటీలు అయిపోతున్న కొద్దీ ఆ బండ్లు అమ్మకానికి వస్తున్నాయి. అమ్మేవాళ్లంతా మోసం చేస్తున్నారని కాదు. వారంటీ అయిపోయాక వచ్చే రిస్క్‌ను మన చేతికి ఇస్తున్నారు, అంతే. ఆ రిస్క్‌కు తగ్గట్టు ధర తగ్గిందా లేదా అన్నదే మనం చూసుకోవాలి.

"నేను కొన్నప్పుడు ఇంత పెట్టాను" అనే మాట కూడా జాగ్రత్తగా వినండి. ఫేమ్-2 పథకంలో 2021 జూన్ నుంచి కిలోవాట్ అవర్‌కు 15 వేల సబ్సిడీ ఉండేది. 2023 జూన్ 1 నుంచి దాన్ని 10 వేలకు తగ్గించారు. 2024 మార్చి 31తో ఆ పథకమే ముగిసింది. ఆ సబ్సిడీ బాగా ఉన్నప్పుడు కొన్న మనిషి నిజంగా ఎంత కట్టాడో ఇన్‌వాయిస్‌లో చూడండి. ఈరోజు షోరూమ్ రేటు చూపించి బేరం ఆడితే ఒప్పుకోవద్దు.

గూడూరు బండి

2022 జూన్‌లో కొన్నది. 31 వేల కిలోమీటర్లు తిరిగింది. అడిగింది 55 వేలు. కొత్తలో బ్యాటరీ 3 కిలోవాట్ అవర్. బండి తళతళలాడుతోంది, గీత కూడా లేదు. "అన్నా, సింగిల్ హ్యాండ్, ఒక్క కంప్లైంట్ లేదు" అన్నాడు ఓనర్. డిస్‌ప్లేలో ఛార్జ్ 100 చూపిస్తోంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. 100 శాతం అంటే ఇప్పుడున్న ట్యాంక్ నిండిందని అర్థం. ట్యాంక్ ఎంత చిన్నదైందో ఆ నంబర్ చెప్పదు.

అందుకే రెండు టెస్టులు చేశాను. మీరూ చేయొచ్చు.

ఒకటి, రోడ్ టెస్ట్. ఇద్దరం ఎక్కి హైవే మీద 45, 50 స్పీడ్‌లో సరిగ్గా 20 కిలోమీటర్లు తిరిగాం. ఛార్జ్ 36 శాతం తగ్గింది. అంటే ఫుల్ ఛార్జ్‌కు 55 కిలోమీటర్లు. కొత్తలో ఇలాగే ఇద్దరు ఎక్కితే 85 వచ్చేదని ఓనరే చెప్పాడు. 55ని 85తో భాగిస్తే 65 శాతం.

రెండు, మీటర్ టెస్ట్. ప్లగ్‌కూ ఛార్జర్‌కూ మధ్య పెట్టే చిన్న ఎనర్జీ మీటర్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. మీ ఛార్జర్ లోడ్‌కు సరిపోయే ఆంపియర్లది తీసుకోండి. 40 శాతం నుంచి 100 వరకు ఛార్జ్ చేస్తే 1.3 యూనిట్లు తీసుకుంది. ఛార్జర్‌లో సుమారు 12 శాతం వేడిగా పోతుందనుకుంటే బ్యాటరీలోకి వెళ్లింది 1.14. ఇది 60 శాతానికి. కాబట్టి మొత్తం కెపాసిటీ 1.9 కిలోవాట్ అవర్. కొత్తలో 3. అంటే 64 శాతం.

రెండు టెస్టులూ ఒకే మాట చెప్పాయి. ఓనర్‌కు చెబితే ఆయనా ఆశ్చర్యపోయాడు, వెంటనే 45 వేలకు దిగాడు. నిజం చెబుతున్నా, అక్కడ నా మనసు ఊగింది. తమ్ముడికి రోజుకు కావాల్సింది 30 కిలోమీటర్లే కదా, 55 వస్తోంది కదా అనిపించింది.

రాత్రి కూర్చుని మళ్లీ లెక్క వేశాను. 20 శాతం రిజర్వ్ వదిలితే 55 కాస్తా 44. ఒకరోజు కరెంట్ పోయి ఛార్జింగ్ పెట్టడం కుదరకపోతే రెండో రోజు డ్యూటీకి సరిపోదు. అరిగిన బ్యాటరీలో సెల్స్ అన్నీ సమానంగా ఉండవు, కాబట్టి చివరి 20 శాతం ఒక్కసారిగా పడిపోవచ్చు. సెకండ్ షిఫ్ట్ అయిపోయి రాత్రి 11 గంటలకు, లారీలు దూసుకుపోయే హైవే మీద వాడు బండి నెట్టుకుంటూ రావడం ఊహించుకున్నాను. పైగా వారంటీ అయిపోయింది. ఒకటి రెండేళ్లలో బ్యాటరీ మార్చక తప్పదు. 45 వేలకు 65 వేలు కలిపితే లక్షా పది వేలు. ఆ డబ్బుకు కొత్త బండే వస్తుంది. వద్దని ఫోన్ చేసి చెప్పాను.

నా ఫార్ములా

ఇది కంపెనీలు చెప్పే లెక్క కాదు, నేను పెట్టుకున్నది. బ్యాటరీ 100 నుంచి 60 శాతానికి పడేవరకే మనకు పనికొస్తుంది అనుకోండి. అంటే మొత్తం ఆయుష్షు 40 పాయింట్లు. గూడూరు బండిలో మిగిలినవి 4 పాయింట్లు, అంటే పదో వంతు. 65 వేల బ్యాటరీలో మిగిలిన విలువ 6,500 మాత్రమే. మిగతా 38,500 నేను పెట్టేది బాడీకి, మోటార్‌కు, టైర్లకు. మూడేళ్లు దాటిన బండికి అది ఎక్కువే.

శ్రీకాళహస్తి బండి

అదే మోడల్. 2023 సెప్టెంబరులో తయారైంది, 13 వేల కిలోమీటర్లు. అడిగింది 68 వేలు. 20 నుంచి 80 శాతం వరకు ఛార్జ్ చేస్తే మీటర్‌లో 1.85 యూనిట్లు. అదే లెక్కతో 2.7 కిలోవాట్ అవర్, అంటే 90 శాతం. మిగిలినవి 40లో 30 పాయింట్లు. బ్యాటరీ విలువ 48 వేల పైనే. వారంటీ ఇంకా కొన్ని నెలలు ఉంది. కొత్త ఓనర్ పేరుకు వారంటీ మారుతుందని సర్వీస్ సెంటర్‌లో అడిగి ఖాయం చేసుకున్నాను.

తయారీ తేదీకి ఇంకో ప్రాముఖ్యం ఉంది. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో, నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన బైక్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. దేశంలో ఇంకొన్ని చోట్ల కూడా బండ్లు కాలిపోయాయి. ఆ తర్వాత కేంద్రం బ్యాటరీ సేఫ్టీకి ఏఐఎస్-156 రూల్స్‌ను కఠినం చేసింది. మొదటి దశ 2022 డిసెంబరు 1 నుంచి, రెండో దశ 2023 మార్చి 31 నుంచి అమలైంది. అందుకే 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బండికే నా ఓటు. రిజిస్ట్రేషన్ తేదీ కాదు, ఆర్‌సీలో ఉండే తయారీ నెల చూడండి. ఏ బండి అయినా పడకగదిలో, గుమ్మానికి అడ్డంగా ఛార్జింగ్ పెట్టొద్దు. బయట లోకల్‌గా సెల్స్ మార్చి కట్టిన బ్యాటరీ ఉన్న బండి ఉచితంగా ఇచ్చినా వద్దు.

బేరం 64 వేలకు తెగింది. అమ్మ 60, నేను 4. దాదాపు 40 వేలకు వచ్చే పాత పెట్రోల్ స్కూటర్‌తో పోలిస్తే 24 వేలు ఎక్కువ పెట్టాం. నెలకు 1,750 మిగిలితే 14 నెలల్లో ఆ తేడా తీరిపోతుంది. అప్పటికి బ్యాటరీలో ఇంకా బోలెడు పాయింట్లు మిగిలుంటాయి.

డబ్బు ఇచ్చే ముందు ఇవి చూడండి

1. వరదలో మునిగిందా? 2023 డిసెంబరు మొదట్లో మిచౌంగ్ తుఫానుకు చెన్నై మునిగింది, మన జిల్లాలోనూ కుండపోత వాన పడింది. ఫుట్‌బోర్డ్ కింద, సీటు కింద, ఛార్జింగ్ పోర్ట్‌లో బురద మరకలు, కనెక్టర్ల మీద తెల్లటి లేదా పచ్చటి తుప్పు ఉంటే వదిలేయండి.

2. తమిళనాడు నంబరా? మనకు చెన్నై దగ్గర కాబట్టి అక్కడి బండ్లు చాలా వస్తాయి. ఫారం 28తో ఎన్ఓసీ లేకుండా ఇక్కడ పేరు మారదు. మామూలు ట్రాన్స్‌ఫర్‌కు ఫారం 29, 30. ఫైనాన్స్ ఉంటే బ్యాంక్ ఎన్ఓసీ, ఫారం 35.

3. ఆర్‌సీ లేని బండా? గంటకు 25 కిలోమీటర్ల లోపు స్పీడ్, 250 వాట్ల లోపు మోటార్ ఉన్న బండికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. దానికి బిల్లే ఆధారం. బిల్లు లేకపోతే అది ఎవరి బండో తెలియదు. "స్పీడ్ పెంచాం అన్నా" అంటే ఇంకా ప్రమాదం, అప్పుడది రూల్స్ ప్రకారం మినహాయింపు ఉన్న బండి కాదు.

4. యాప్ అకౌంట్. పాత ఓనర్ అకౌంట్ తీయకుండా కొనడమంటే ఐక్లౌడ్ లాక్ ఉన్న ఐఫోన్ కొన్నట్టే. మీ ఎదురుగానే ట్రాన్స్‌ఫర్ చేయించుకోండి. కనెక్టెడ్ ఫీచర్లకు సబ్‌స్క్రిప్షన్ ఎప్పటిదాకా ఉందో అడగండి.

5. ఒరిజినల్ ఛార్జర్, రెండు తాళాలు, సర్వీస్ హిస్టరీ.

6. ఇన్సూరెన్స్. కొన్న 14 రోజుల్లో మీ పేరుకు మార్చమని అప్లై చేయాలి. మార్చకపోతే మీ బండికి జరిగిన నష్టానికి క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడతారు.

7. సర్వీస్ సెంటర్ దూరం. మాకు ఇటు నెల్లూరు, అటు తిరుపతి, రెండూ 60 కిలోమీటర్ల పైనే. బండి అక్కడిదాకా ఒక్క ఛార్జ్‌లో వెళ్తుందా అన్నది కూడా ఒక టెస్టే.

ఎవరు కొనొచ్చు, ఎవరు వద్దు?

రోజూ ఒకే రూట్, సొంత ఇల్లు లేదా ఛార్జింగ్ పాయింట్, రోజువారీ దూరానికి రెట్టింపు రియల్ రేంజ్, మీటర్ టెస్ట్‌లో 85 శాతం పైన హెల్త్, కొంచెమైనా వారంటీ... ఈ ఐదూ ఉంటే ధైర్యంగా కొనండి. నెలకు 300 కిలోమీటర్లు కూడా తిరగని వాళ్లకు, అద్దె ఇంట్లో మూడో అంతస్తులో ఉండి కింద ప్లగ్ లేని వాళ్లకు పాత పెట్రోల్ బండే మేలు.

తమ్ముడు ఇప్పుడు రెండు రోజులకోసారి ఛార్జింగ్ పెడుతున్నాడు. అమ్మ మాత్రం మొదటి కరెంట్ బిల్లు వచ్చేదాకా నమ్మలేదు. బిల్లు వచ్చాక వాడిని అడిగిందట, "ఇంతేనా? పెట్రోలు ఇంకెక్కడైనా పోయించుకుంటున్నావా?" అని.