అట్లాంటిక్ దాటిన పాట

1957 అక్టోబర్ 5న వేల్స్‌లోని పోర్త్‌కాల్‌లో జరిగిన గని కార్మికుల ఉత్సవంలో నల్లజాతి గాయకుడు పాల్ రోబ్సన్ పాడారు. కానీ ఆయన వేదిక మీద లేరు, న్యూయార్క్‌లో ఉన్నారు. అమెరికా ప్రభుత్వం 1950లోనే ఆయన పాస్‌పోర్టు రద్దు చేసింది. అందుకే ఆ పాట సముద్రం అడుగున వేసిన టెలిఫోన్ కేబుల్ గుండా వచ్చింది. కార్మికులు బృందగానంతో బదులిచ్చారు.

రోబ్సన్ తండ్రి బానిసత్వం నుంచి తప్పించుకున్న మనిషి. 1929లో లండన్ వీధిలో పాడుతూ వెళ్తున్న వేల్స్ గని కార్మికులతో రోబ్సన్ గొంతు కలిపారు. 1940 నాటి 'ది ప్రౌడ్ వ్యాలీ' సినిమాలో ఆయన వేల్స్ గనిలో పనికి చేరే నల్లజాతి కార్మికుడు. నల్లవాడు మాతో గనిలోకి దిగడమేమిటని అందులో కొందరు అడ్డుపడతారు. బొగ్గు మసి అందరినీ ఒకే రంగు చేస్తుందన్నది సినిమా ఇచ్చే జవాబు.

ఆ జవాబు మనకు చాలదు. మసి స్నానంతో పోతుంది, కులం పోదు. కులం శ్రామికులనే విడదీస్తుందని అంబేడ్కర్ 1936లోనే చెప్పారు. అయితే వేల్స్ కార్మికులు పాటతో ఆగలేదు, రోబ్సన్ పాస్‌పోర్టు కోసం గట్టిగా అడిగారు. 1958లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత అది తిరిగొచ్చింది. ఆ ఏడాదే ఆయన వేల్స్‌కు స్వయంగా వెళ్లారు.

ఐక్యతా గీతానికి పరీక్ష ఇదే: పక్కవాడి అవమానాన్ని యూనియన్ తన డిమాండ్‌గా రాసుకుందా లేదా?