విషానికి బదిలీ వద్దు

పిల్లలూ! మూడు నాలుగేళ్లకోసారి సామాన్లు సర్దుకుని కొత్త ఊరికి వెళ్లడం మీకూ మాకూ అలవాటే. ఊరు మారినంత మాత్రాన మన అల్లరి తగ్గదు, అదీ మనతోనే వస్తుంది. విషం కలిసిన మట్టి కూడా అంతే. దాన్ని తవ్వి లారీల్లో తీసుకెళ్లి ఇంకోచోట పోస్తే శుభ్రం చేసినట్టు కాదు, బదిలీ చేసినట్టు! అప్పటినుంచి ఆ బాధ కొత్తచోటి వాళ్లది.

మరి మట్టిని ఉన్నచోటే శుభ్రం చేయలేమా? వేడితో చేయవచ్చు. పెట్రోలు, గ్రీజు వదిలించే ద్రావకాలు వంటివి నేలలో ఇంకినచోట బోర్లు వేసి, కరెంటుతో వేడెక్కే కడ్డీలను లోపలికి దించుతారు. తడిబట్టపై ఇస్త్రీపెట్టె పెడితే ఆవిరి లేచినట్టే ఆ పదార్థాలూ ఆవిరవుతాయి. ఆవిరి గాల్లో కలవకుండా నేలపై కప్పు వేస్తారు. దాన్ని గొట్టాలతో పీల్చి, చల్లబరిచి, బొగ్గు వడపోతల గుండా పంపుతారు.

డయాక్సిన్ ఇంతకన్నా మొండి విషం. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం అడవుల ఆకులు రాల్చడానికి ‘ఏజెంట్ ఆరెంజ్’ అనే మందు చల్లింది. దాని పీపాలు నిల్వచేసిన చోట్లలో డానాంగ్ విమానాశ్రయం ఒకటి. ఒలికిన మందులోని డయాక్సిన్ మట్టిలో ఉండిపోయింది. వాననీటితో చెరువులోకి, అక్కడి చేపల్లోకి, ఆ చేపలు తిన్నవాళ్ల ఒంట్లోకి చేరింది. యుద్ధం 1975లో ముగిసినా విషం పోలేదు.

2012లో ఆ రెండు దేశాలే కలిసి శుభ్రం చేసే పని మొదలుపెట్టాయి. ఇక్కడ మట్టిని తవ్వారు గానీ ఊరు దాటించలేదు. విమానాశ్రయంలోనే కాంక్రీటు గోడల మధ్య పోగుచేసి, కనీసం 335 డిగ్రీల సెల్సియస్‌కు చేరేలా నెలల తరబడి వేడిచేశారు. ఆ వేడికి డయాక్సిన్ అణువులు చాలావరకు అక్కడే విరిగిపోయాయి. మిగిలినది ఆవిరితోపాటు వడపోతలకు చిక్కింది. 2018 నాటికి సుమారు 90,000 ఘనపు మీటర్ల మట్టి, బురద ఇలా శుభ్రమయ్యాయి.

అయితే వేడి అన్నిటికీ మందు కాదు. సీసం వంటి లోహాలు దానికి లొంగవు. కరెంటు ఖర్చు ఎక్కువ. మట్టిలోని మేలుచేసే సూక్ష్మజీవులూ చనిపోతాయి.

అందుకే పాత ఇంజన్ ఆయిలు, మిగిలిన పెయింటు, పాడైన బ్యాటరీలు క్వార్టర్స్ వెనక పారేయకండి. మనకు బదిలీ అయ్యాక అదే పెరట్లో ఇంకో కుటుంబం పిల్లలు ఆడుకుంటారు.