ముందు ఉంగరము తీయుము
కావలిలో నాకు పరిచితుడైన యువకుడొకడు, పాత లాప్‌టాప్ బ్యాటరీలు విప్పి తీసిన సెల్లులను బల్లపై వరుసగా నిలిపి, తన స్కూటరునకు స్వయముగా ప్యాకు కట్టుకొనుటకు ఉపక్రమించుచుండగా నేను తటస్థించితిని. "13 వరుసలైతే చాలునన్నా, 48 వోల్టులు వచ్చును" అని అతడు ఉత్సాహముతో చెప్పుచున్నంతసేపును నా చూపు అతని వ్రేలి ఉంగరముపైననే నిలిచినది.

18 మిల్లీమీటర్ల వ్యాసము, 65 మిల్లీమీటర్ల పొడవు గల ఆ సెల్లును చేతబట్టి పరికింపవలెను. అడుగుభాగము మాత్రమే మైనస్ అని క్రొత్తవారు తలంతురు. కాని లోహపు డబ్బా యావత్తు మైనస్సే, ప్లస్ టోపీ చుట్టునున్న అంచు సైతము మైనస్సే. ప్లస్ టోపీకిని ఆ అంచునకును నడుమ పలుచని ప్లాస్టిక్ తొడుగును, చిన్న వలయమును తప్ప వేరు రక్షణ లేదు. ఉంగరము ఆ రెంటిని కలిపెనా, చేతికి తెలియనంత స్వల్పమైన 3.7 వోల్టుల నుండియే పదుల ఆంపియర్ల విద్యుత్తు ప్రవహించి, ఉంగరము వ్రేలిపైననే కాలును. అంచుమీదుగా వెల్డింగు చేసిన నికెల్ పట్టీ అంతకంటె ప్రమాదకరము. ఏలయన, దారి కుదుపులకు తొడుగు కొంచెము కొంచెముగా అరిగి, ఏ కొన్ని నెలలకో లోపల షార్టగును. కనుక ప్రతి ప్లస్ కొనకును మందపు ఇన్సులేషన్ కాగితపు వలయము అంటింపక పట్టీ వేయరాదు. ఆ పట్టీ స్వచ్ఛమైన నికెలో, పూత వేసిన ఇనుమో తెలియవలెనన్న, గీత గీసి ఉప్పునీట ఒక రాత్రి ఉంచిన చాలును. ఇనుమైతే తుప్పు పట్టును. సముద్రపు గాలి వీచు మన తీరమున ఈ పరీక్ష అవశ్యకర్తవ్యము.

పాత సెల్లులను నిండుగా చార్జి చేసి, కొన్ని వారములు ప్రక్కనుంచి, మల్టీమీటరుతో కొలిచి, వోల్టేజి పడిపోయినదానిని నిర్దాక్షిణ్యముగా తొలగింపవలెను. బి.ఎం.ఎస్. (బ్యాటరీని కనిపెట్టి నడుపు సర్క్యూటు) ఉన్నదిగదా యని ధీమా పడుట తగదు: అది ఏ వరుసయు 4.2 వోల్టులు దాటకుండ కాపాడునే గాని, ఒక్క సెల్లు గర్భమున పుట్టిన లోపమును కనిపెట్టజాలదు. ఆ ఒక్కటి మండెనా, దాని వేడికి ప్రక్కది, దానికి మఱియొకటి రగులుకొనును. దుప్పటి కప్పిన ఆగదు. విస్తారమైన నీటితో చల్లార్పవలసినదే. అదియు, మెయిను ఆపి, దూరమున నిలిచి, పొగ పీల్చక చేయవలెను. మంట పెద్దదైనచో బయటికి పరుగెత్తి అగ్నిమాపకదళమునకు ఫోను చేయుటే కర్తవ్యము.

కర్మాగారమున తయారైన బ్యాటరీలే మనలను విడువలేదు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో పడకగదియందు చార్జింగునకు పెట్టిన బ్యాటరీ పేలి ఒకరి ప్రాణము తీసినది. ఆ సంవత్సరమే సెప్టెంబరు 12న సికింద్రాబాదులో, మేడ క్రింది విద్యుత్ స్కూటర్ల దుకాణమున అగ్ని రేగగా, పొగ పైనున్న లాడ్జిని క్రమ్మి 8 మంది మరణించిరి. ఆ పొగ తలపునకు వచ్చినప్పుడెల్ల నా మనస్సు కలతపడును.

అందుచేతనే, ఉంగరము తీసి జేబులో వేసికొన్న ఆ తమ్ముని "చార్జింగు ఎక్కడ పెట్టెదవు?" అని అడిగితిని. మెట్లక్రింద చోటు చూపినాడు. మేడపై అతని తల్లియు, చెల్లెలును నిద్రింతురు; క్రిందికి దిగుటకు ఆ మెట్లు తప్ప వేరు దారి లేదు. ఆ సాయంకాలమే ఇరువురము కలిసి ప్లగ్గు బోర్డును ఊడదీసి, పెరటి గోడవద్ద రేకునీడకు మార్చితిమి.