కిత్తనార కలబంద కాదు

ఈ వ్యాసము వ్రాయుటకు కారణము మేము చేసిన యొక పొరపాటు. గత సంవత్సరము ఎనిమిదవ తరగతిలో పాఠము చెప్పుచుండగా ఒక విద్యార్థి కిటికీలోనుండి గట్టుమీది ముండ్ల మొక్కను చూపి, "సార్, ఆ కత్తాళను తెలుగులో ఏమందురు?" అని యడిగినాడు. మేము సరిగా తల యెత్తి చూడకయే "కలబంద" యని చెప్పి మరల పాఠములో పడితిమి.

రెండు దినముల తరువాత ఆ బాలుడు మోచేతినుండి మణికట్టు వరకు ఎఱ్ఱని దద్దురులతో బడికి వచ్చినాడు. ఇంట పొయ్యి దగ్గఱ చేయి కాలెనట. కాలినచోట కలబంద గుజ్జు చల్లగా నుండునని తల్లి యొకప్పుడు చెప్పిన మాట జ్ఞాపకము వచ్చి, ఆ గట్టుమీది మట్టను కోసి రసము పూసికొన్నాడు. కాలిన మంట కంటె రసపు మంట యెక్కువైనది. వైద్యుని మందుతో పది దినములకు నయమయ్యెను. తప్పు బాలునిది కాదు, మాది.

పొరపాటు ఎట్లు పుట్టినదో చెప్పెదము. మన హోసూరు ప్రాంతములో మూడు భాషలు ఒకే వీథిలో నడచును. తమిళములో కలబందను శోత్తుక్కత్తాళై యనియు, గట్టుమీది పెద్ద మొక్కను ఆనైక్కత్తాళై యనియు అందురు. ముందున్న మాటయే రెంటికిని భేదము. మన పిల్లలు ఆ ముందుమాటను వదలి, రెంటిని "కత్తాళ" యనుచున్నారు. కన్నడములో కలబందకు లోళెసర యను వేఱు పేరున్నను, పెద్ద మొక్క అక్కడను కత్తాళెయే. తెలుగులో ఈ పెద్ద మొక్కకు కిత్తనార యను చక్కని పేరు కలదు. రాకాసి మట్ట యని కూడ అందురు. పొరుగు రాష్ట్రములో ఉపాధ్యాయ శిక్షణ పొందునాడు మేము ఆ మాటను దినమును వినుచుంటిమి. అయినను, అడిగిన క్షణమున నోటికి రాలేదు!

రెంటిని గుర్తించుట కష్టము కాదు. కలబంద మట్ట మూరెడు, మూరెడున్నర పొడవుండి, వంచినచో పుటుక్కున విఱుగును. లోపల తేటయైన గుజ్జు కనబడును. కిత్తనార మట్ట నాలుగడుగులనుండి ఆఱడుగుల వరకు పెరుగును. దానిని విఱువ బోయినచో విఱుగదు; నార పోగులు వ్రేలాడును. అంచున కొక్కెముల వంటి ముండ్లు, కొనను అంగుళము మించిన నల్లని సూది యుండును. ఇంకొక గుర్తు మాకు మిక్కిలి ఇష్టమైనది. మొగ్గలో మట్టలు ఒకదానినొకటి గట్టిగా హత్తుకొని పెరుగుటచే, ఒకదాని ముండ్ల అచ్చు మఱియొకదాని వీపున పడి, మట్ట విప్పారిన తరువాత కూడ చెఱగక యుండును. గట్టు దగ్గఱకు పోయి చూడుడు, ముట్టవద్దు.

ఆ రసములో కాల్షియం ఆగ్జలేటు అను పదార్థము సన్నని సూదుల రూపమున నుండి చర్మములో దిగును. 2017లో చైనాలో ఒక యువతి దీనిని కలబంద యనుకొని తిని ఆసుపత్రి పాలైనదని వార్తలు వచ్చినవి. కావున తల్లులు గుజ్జుకై పిల్లలను పంపునపుడు మొక్కను తామే చూపవలెను.

ఇంతమాత్రమున కిత్తనార చెడ్డ మొక్క యని తలంపరాదు. దీని పుట్టిల్లు మెక్సికో దేశము. 1753లో లిన్నేయసు అను శాస్త్రజ్ఞుడు దీనికి అగేవ్ యని పేరిడెను. గ్రీకు భాషలో దానికి శ్రేష్ఠమైనదని యర్థము. మెక్సికోవారు కొన సూదిని నారతో సహా ఊడదీసి, దారము గ్రుచ్చిన సూది వలెనే వాడుకొనిరి. పూకాడ లేచుటకు ముందు మొగ్గను కోసి, నడుమ గుంత చేసినచో తీయని నీరు ఊరును. తేనెనీరు అను అర్థము వచ్చు పేరే దానికి పెట్టిరి. పులిసినచో అది మన తాటికల్లు వంటి దగును.

ఎండిన నేలలో ఇది యెట్లు బ్రతుకును? తక్కిన మొక్కలు పగటివేళ ఆకురంధ్రములు తెఱచి గాలి పీల్చును. ఆ దారినే నీరు ఆవిరి యగును. కిత్తనార పగలు మూసికొని, చల్లని రాత్రి తెఱచును. మట్టల మీది మైనపు పూత కూడ నీటిని కాపాడును.

దీనిని పెంచుట అతి సులభము. తల్లిమొక్క మొదట వచ్చు పిలకలను వానల ఆరంభమున వేఱుచేసి, కోసిన గాయము ఆఱునట్లు మూడు నాలుగు దినములు నీడన నుంచి, తక్కువ లోతున నాటవలెను. నీరు నిలుచు నేల పనికిరాదు, వేళ్లు కుళ్లును. కంచెకైనచో నాలుగైదు అడుగుల యెడము చాలును. కాలిబాటకు దూరముగా నాటుట మాత్రము మఱువరాదు, ఏలయన ఆ కొన సూదులు సరిగా పిల్లల కన్నుల యెత్తున నుండును. బాట ప్రక్కన ఇదివఱకే యున్నచో సూది కొనలు కత్తిరింపవలెను. రైలుపట్టాల వెంట కంచెగా నాటినందున దీనిని తమిళములో రైలు కత్తాళై యని కూడ పిలుతురు.

నారకు పేరుపొందినది దీని చెల్లెలు వంటి సిసాల్ జాతి. 1893లో హిండార్ఫ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఫ్లోరిడానుండి 1000 మొక్కలు తెప్పింపగా, తూర్పు ఆఫ్రికా చేరునప్పటికి 62 మాత్రమే మిగిలెను. ఆ 62 మొక్కలనుండియే అక్కడి గొప్ప తోటలు వెలసెను. 100 కిలోల పచ్చిమట్టలకు నార 3, 4 కిలోలే వచ్చును. మూడేండ్లు నిండిన మొక్కలో క్రింది మట్టలనే కోయవలెను. లోపలి మట్టలను ఇరువదినైనను విడువనిచో మొక్క నీరసించును.

మట్టలను నానవేసి, కుళ్లినపిమ్మట కొట్టి కడిగి నార తీయుట పాత పద్ధతి. ఇందొక అపాయము కలదు. దీని రసములో సబ్బువలె నురుగు వచ్చు పదార్థము చేపల మొప్పలకు హాని చేయును. చెఱువులోను, బావి చెంతను నానవేయరాదు. వేఱుగా గుంత త్రవ్వవలెను. లేదా పచ్చిమట్టను బల్లపై పఱచి మొండికత్తితో గీకినచో, నానవేయు పనియే లేదు. నారయు తెల్లగా నుండును. గీకువారు చేతులకు తొడుగు వేసికొని, నిండు చేతుల చొక్కా ధరింపవలెను. పగ్గములు, పలుపులు ఈ నారతో పేనుదురు. సున్నము వేయు కుంచెలును కట్టుదురు. నైలాను త్రాళ్లు వచ్చినపిమ్మట ఈ పని తగ్గినది గాని, నారత్రాడు చివికి మన్నగును. నైలాను త్రాడు పొలములో ఏండ్ల తరబడి పడియుండును.

నూఱేండ్లకు పూచునని లోకులందురు గాని, సాధారణముగా పదినుండి ముప్పది యేండ్లలో పూచును. కొలది నెలలలోనే కాడ ఇరువదైదు, ముప్పది యడుగులు లేచి, కొమ్మలు చాచి, పసుపుపచ్చని పూలు పూయును. ఇన్నాళ్లు మట్టలలో దాచిన బలమంతయు దానికే వ్యయమై, తల్లిమొక్క వాడిపోవును. మన పాఠశాల గట్టున నున్న మొక్కకు ఈ యేడు కాడ లేచినది. అది వాడి పడకముందే మొదటి పిలకలను తీయింపవలెనని తలంచితిమి. చేయి కాలిన ఆ బాలుడే వానిని లెక్కించి వచ్చి పదునొకండున్నవని చెప్పినాడు. ఈ మాఱు కత్తాళ యనలేదు.