హెడ్‌లైట్ ఆరి ఆరి వెలుగుతోందా? వైరింగ్‌లో లూజ్ కనెక్షన్‌ని ఇలా పట్టేయండి

రాత్రిపూట కోస్గి నుంచి మహబూబ్‌నగర్ వెళ్తుంటే హెడ్‌లైట్ ఒక్క సెకను ఆరి మళ్లీ వెలిగిందనుకోండి. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే బుద్ధిగా వెలుగుతుంది. "మంచిగనే ఉంది కదన్నా" అంటాడు. యూజర్ ఫోన్‌లో వచ్చి మన టెస్టింగ్‌లో రాని బగ్ లాంటిదే ఇది. కాకపోతే ఇక్కడ పడేది మనం.

ముందు ప్యాటర్న్ చూడండి

హ్యాండిల్ తిప్పినప్పుడు ఆరితే, హ్యాండిల్ మెడ దగ్గర వంగే వైర్ల మీద అనుమానం. గుంతల్లో ఆరితే కనెక్టర్లు, బ్యాటరీ టెర్మినల్స్. వాన లేదా వాటర్ వాష్ తర్వాతైతే కనెక్టర్‌లో తేమ, తుప్పు. హెడ్‌లైట్ వైర్‌కి మొబైల్ చార్జర్ మెలిపెట్టి టేప్ చుట్టారా? మొదట అదే విప్పి చూడండి. పాలమూరు ఎండకి టేప్ జిగురు కరిగి జాయింట్ వదులైపోతుంది.

బీప్‌ని నమ్మొద్దు

వైర్‌లో ఒక్క పోగు మిగిలినా మల్టీమీటర్ బీప్ కొడుతుంది. కానీ 35 వాట్ల బల్బ్‌కి దాదాపు 3 ఆంప్స్ కావాలి. జాయింట్‌లో 0.5 ఓమ్ రెసిస్టెన్స్ ఉన్నా 1.5 వోల్టుల దాకా అక్కడే పోతుంది.

అందుకే లైట్ వెలుగుతుండగానే కొలవాలి. మీటర్‌ని 20 వోల్ట్ డీసీలో పెట్టి, నలుపు ప్రోబ్ బ్యాటరీ మైనస్‌కి, ఎరుపు ప్రోబ్ బల్బ్ ఎర్త్ వైర్‌కి తగిలించండి. 0.2 వోల్టుల లోపు ఉంటే ఓకే. దాటితే ఎర్త్ బోల్ట్ విప్పి తుప్పు గీకండి. ప్లస్ వైపు కూడా ఇలాగే: 0.5 దాటితే అనుమానించాలి.

2017 ఏప్రిల్ తర్వాతి చాలా బైకుల్లో ఇంజిన్ నడిస్తేనే లైట్ వెలుగుతుంది కాబట్టి బండిని ఆరుబయటే పెట్టండి. కొన్ని పాత బైకుల్లో హెడ్‌లైట్ ఏసీ మీద నడుస్తుంది, వాటికి ఈ కొలత పనికిరాదు.

కదిపి చూడండి

ప్రోబ్స్ అలాగే ఉంచి వైర్లను కొంచెం కొంచెంగా కదుపుతూ పోండి. రీడింగ్ ఎక్కడ ఎగిరిందో ఫాల్ట్ అక్కడే. చవక మీటర్ స్క్రీన్ సెకనుకి రెండు మూడు సార్లే మారుతుంది, అందుకే నెమ్మదిగా కదపాలి.

దొరికాక క్రింప్ చేసి హీట్ ష్రింక్ స్లీవ్ వేయండి. ఫ్యూజ్ పోతుంటే వెండి కాగితం చుట్టొద్దు, వైర్ కాలిపోతుంది. చివరగా, మొదట ఆరిన పరిస్థితినే మళ్లీ తెచ్చి చూడండి. అప్పుడూ రీడింగ్ కదలకపోతేనే రాత్రి రోడ్డెక్కండి.